పత్రంలోంచి నేను కొట్టేసిన వాక్యం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. మా రేవులో పడవ మునిగి మనుషులు పోయాక మంత్రిగారు మా ఊరు వచ్చారు. కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "కృష్ణమ్మ తన బిడ్డలను తన ఒడిలోకే పిలుచుకుంది" అన్నారు. ఆ మాట చెప్పుకుని బందరులో కూడా కంటతడి పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆ వాక్యం నాది. దాన్ని ఉంచడం కోసం ఇంకొక వాక్యాన్ని పెన్సిలుతో కొట్టేసింది కూడా నేనే. కొట్టేసిన వాక్యంలో ఒక చనిపోయిన మనిషి పరువు ఉంది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నాన్నగారు దివిసీమలో, కృష్ణ ఒడ్డునున్న ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. నేను బందరులో పిన్ని ఇంట్లో ఉండి స్కూలు ఫైనలు చదువుకుని ఇంటికి వచ్చేశాను. నలుగురిలో నాకు నోరు పెగిలేది కాదు. ఎవరైనా పలకరిస్తే అమ్మ వెనక్కు జరిగేదాన్ని. పంచాయతీ లైబ్రరీ నుంచి నాన్నగారి పేరు మీద పుస్తకాలు తెప్పించుకుని, అటక కింద గదిలో కూర్చుని చదివేదాన్ని. పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దారంతో కుట్టి, డైరీ రాసుకునేదాన్ని. నా దస్తూరి బాగుంటుందని ఊళ్ళో అర్జీలన్నీ నా చేతికే వచ్చేవి. నాన్నగారు చెప్పేవారు, నేను రాసేదాన్ని.

పడవ మునిగింది శ్రావణంలో. ఎగువ వానలకు కృష్ణ ఎర్రబడి, ఒడ్డు ఒరుసుకుని పారుతోంది. అవతలి ఒడ్డున ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళు సద్దిమూటలతో పొద్దున్నే ఎక్కారు. నది నడిమికి వెళ్ళేసరికి పడవ అడుగు చెక్క ఊడింది. పోయినవాళ్ళు ఇంతమంది అని మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ అంకె చెప్పరు. ఫలానా వాళ్ళ కోడలు, ఫలానా ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ అంటారు. పడవ నడిపిన సరంగు కూడా పోయాడు. ఈత బాగా వచ్చినవాడే. అయినా ఒడ్డుకు రాలేదు. రెండో రోజు కింద లంక దగ్గర దొరికాడు.

ఆ పడవ అతనిది కాదు. రేవును ఏటా వేలంలో పాడుకున్న పాటదారుది. సరంగు అతని దగ్గర పనిచేసేవాడు, అంతే.

తర్వాత నాయకులు రావడం మొదలైంది. ముందు ఎమ్మెల్యేగారు వచ్చారు. ఆయన కోసం బడికి సెలవిచ్చి, బెంచీలు రేవు గట్టుకు మోయించారు. ఆయన "ప్రభుత్వం మీ వెనక ఉంది" అని వెళ్ళారు. నాలుగు రోజులకు ఎదుటి పార్టీ నాయకుడు వచ్చారు. మళ్ళీ బెంచీలు గట్టు మీదికి వెళ్ళాయి. ఆయన "ఈ ప్రభుత్వం రాజీనామా చెయ్యాలి" అని గట్టిగా అన్నారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరొచ్చినా పోయినవాళ్ళ తాలూకు ఆడవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టేవారు. ఎవరొచ్చినా వాళ్ళు మొదట్నుంచీ చెప్పాలి. మొదట్నుంచీ ఏడవాలి. ఇక మంత్రిగారే వస్తున్నారని పంచాయతీ బంట్రోతు ఇంటింటికీ చెబుతుంటే, కూతుర్ని పోగొట్టుకున్న ఒక ముసలామె అరుగు మీంచే అంది.

"ఒరేయ్, ఈసారి మమ్మల్ని గట్టు దాకా నడిపించొద్దురా. మా కన్నీళ్ళు ఓ చెంబుకు పట్టి పంపిత్తాం, తీసుకెళ్ళి చూపించు."

బంట్రోతు తల వంచుకుని పక్కింటికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ప్రెసిడెంటుగారు మా ఇంటికి వచ్చారు. మా ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. మంత్రి ఊళ్ళో అడుగు పెడితే సన్మాన పత్రం ఇచ్చి తీరాలి. గ్లేజు కాగితం మీద అచ్చు వేయించి, అద్దం ఫ్రేములో బిగించి, సభలో చదివి చేతికిస్తారు. పైన పొగడ్తలు, కింద ఊరి కోరికలు ఉంటాయి.

"పంతులుగారూ, పత్రం మీ ఇంట్లోనే తయారవ్వాలి" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఇది చావు పరామర్శ కదండీ" అన్నారు నాన్నగారు. "సన్మాన పత్రం బావుంటుందంటారా?"

"మంత్రిగారు మొదటిసారి వస్తున్నారు మాస్టారూ. పత్రం లేకుండా చేతులూపుకుంటూ నిలబడితే పక్కూరి వాళ్ళు నవ్విపోరూ? కావాలంటే సన్మానం అనొద్దు, నివేదన అనండి. పేరు మీ ఇష్టం. ఫ్రేము మాత్రం ఉండాలి. మా ఇంట్లో ఒకటి ఉంది. వెనకటి మంత్రికిచ్చింది ఆయన మర్చిపోయి వెళ్ళాడు. అందులో కాగితం తీసేసి ఇది బిగించుకోవచ్చు."

వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగారు. "అమ్మాయ్, రాయిని కరిగించేట్టు రాయాలి. నువ్వు పుస్తకాలు తెగ చదువుతావంట కదా."

నేను చదువుతానన్న సంగతి బయటివాళ్ళకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో లోపలికి వెళ్ళిపోయాను. కానీ సంతోషం కూడా వేసింది. నాన్నగారు కోరికలు చెప్పారు. కొత్త పడవ కావాలి, రేవుకు మెట్లు కావాలి, పడవ ఎక్కే జనానికి హద్దు పెట్టాలి. పైన ఉండాల్సిన మాటలు నన్నే రాయమన్నారు. కృష్ణమ్మ ఒడి వాక్యం అప్పుడు రాసిందే. రాసి, పైకి చదువుకుని, నాకు నేనే కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం సరంగు భార్య మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. పల్లెవాళ్ళు, చేపలు పట్టి బతికేవాళ్ళు. వాళ్ళ ఇల్లు రేవు పక్కనే. అమ్మ మజ్జిగ ఇస్తే తాగకుండా గ్లాసు పక్కన పెట్టుకుంది.

"అమ్మాయిగారూ, మంత్రిగారికి కాగితం మీరే రాత్తున్నారంట గదా."

"నాన్నగారు చెబుతారు. నేను రాస్తాను."

"అయితే నాదీ ఓ ముక్క రాయండమ్మా. మా మావ నెల్లాళ్ళ నుంచీ మొత్తుకుంటానే ఉన్నాడు. అడుగు చెక్క మెత్తబడింది, సందుల్లో నార కుక్కి గుగ్గిలం పూసినా నీళ్ళు ఆగట్లేదు, చెక్క మార్చమని. ఆ రోజు పొద్దున కూడా తియ్యనన్నాడు. 'తియ్యకపోతే రేపట్నుంచి రాబాక' అన్నాడు పాటదారు. నా చెవుల్తో విన్నానండి. ఇప్పుడేమో తాగి ముంచాడంటున్నారు. తాగకపోతే ఈదుకుని రాడా అంటున్నారు."

అమ్మ ఏదో ఓదార్చబోయింది. ఆమె వినిపించుకోలేదు.

"మా మావ కల్లు ముట్టడని నేననను. తాగేవోడే. పడవ మీద తాగడు. ఇంటికొచ్చి నా ఎదురుగ్గా కూకుని, నా బుర్ర తింటా తాగేవోడు. అదీ రాసుకోండి కావాలంటే."

నేను ఆమె ఎదురుగానే రాశాను. 'పడవ అడుగు చెక్క పాడైందని సరంగు నెల రోజులుగా పాటదారుకు చెబుతూనే ఉన్నాడు, ఆ ఉదయం కూడా పడవ తీయనన్నాడు.' రెండుసార్లు చదివించుకుంది.

"అంతేనా? ఇంత చిన్నదే అయ్యిందా?"

"చిన్నదే. కానీ మీరు చెప్పిందంతా అందులో ఉంది" అన్నాను.

కాగితం మీద ఆ లైను ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. సిరా ఆరిందో లేదోనని చూసి, తనూ ఓసారి వేలు ఆనించింది. అప్పుడు మజ్జిగ తాగింది.

పాటదారు ప్రెసిడెంటుగారికి బావమరిది. చిత్తుప్రతి ఆయనకు చూపించేటప్పుడు ఆ లైను దగ్గర గొడవ వస్తుందని నాన్నగారు అనుకున్నారు. ఆయన చదివి కాసేపు గడ్డం గోక్కున్నారు. "ఉండనివ్వండి. పత్రాలు ఎవడు చదువుతాడు మాస్టారూ" అని తిరిగి ఇచ్చేశారు. ఈ మాట ప్రత్యేకం రాస్తున్నాను. ఆ వాక్యం తీసేయమని నాకు ఎవరూ చెప్పలేదు.

పత్రం అచ్చుకివ్వడానికి వెళ్తూ నాన్నగారు నన్ను కూడా బందరు తీసుకెళ్ళారు, ప్రూఫు చూడటానికి. ఫ్రేము గోనెగుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టారు. అవనిగడ్డలో బస్సెక్కిన దగ్గర్నుంచీ అద్దం పగులుతుందేమోనని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ప్రెస్సులో కంపోజిటరు కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని కాగితం అంతా చదివాడు.

"పంతులుగారూ, బోర్డరు ఏది వెయ్యమంటారు? నా దగ్గర రెండే ఉన్నాయి. శుభలేఖల పూలబోర్డరు ఒకటి, చావుకార్డుల నల్లగీత ఒకటి."

నాన్నగారు ఆలోచించి, "నల్లగీతే సబబేమో" అన్నారు.

"అది వేస్తే మంత్రిగారే పోయారనుకుంటారండీ."

చివరికి పూలబోర్డరే వేశారు. ప్రూఫు తయారయ్యేసరికి ఆలస్యమవుతుందని నాన్నగారు పాఠ్యపుస్తకాల డిపోకు వెళ్ళారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. కంపోజిటరు తడి ప్రూఫు తెచ్చి ఫ్రేము పక్కన పెట్టి కొలిచాడు.

"అమ్మాయ్, రెండు లైన్లు ఎక్కువయ్యాయి. ఫ్రేములో పట్టదు. అక్షరం తగ్గిస్తే సభలో చదవలేరు. ఏదో ఒక ముక్క కొట్టేసి ఇవ్వు."

"నాన్నగారు వచ్చాక..."

"వచ్చాక అంటే మిషను మీద వేరే పని ఎక్కుతుంది. నువ్వు రాసిందే కదా, నీకు తెలియదా?"

పెన్సిలు నా చేతికిచ్చాడు. కోరికలు తీయడానికి లేదు, అవి ఊరివి. పొగడ్తలు తీస్తే ప్రెసిడెంటుగారు ఊరుకోరు. మిగిలినవి రెండు వాక్యాలు. ఒకటి సరంగుది, రెండోది కృష్ణమ్మ ఒడి. ఏది తీసినా ఫ్రేములో పట్టేస్తుంది. ఎంతోసేపు ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆలోచించలేదు. అచ్చులో నా వాక్యం చేత్తో రాసినదానికన్నా అందంగా ఉంది. దాని కింద సరంగు వాక్యం, గుగ్గిలం వాసన కొట్టే పనిముట్టులా మొరటుగా కనపడింది. దాని మీద గీత గీశాను. కంపోజిటరు 'సరే' అని లోపలికి తీసుకెళ్ళాడు. నాన్నగారు వచ్చేసరికి పత్రం ఫ్రేములో బిగించి, పురికొస కట్టి ఉంది.

మంత్రిగారు మధ్యాహ్నం పన్నెండింటికి అన్నారు, నాలుగింటికి వచ్చారు. మామిడాకుల తోరణాలు అప్పటికే వడలిపోయాయి. పోయినవాళ్ళ తాలూకు ఆడవాళ్ళు ఎండలో బెంచీల మీద కూర్చుని ఉన్నారు. సరంగు భార్యను వాళ్ళు తమ పక్కన కూర్చోనివ్వలేదు. ఆమె గట్టు చివర, తాడి మొద్దు దగ్గర నిలబడింది. నాన్నగారు పత్రం చదివారు. ఆ లైను ఉండాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, కళ్ళజోడు సర్దుకుని, ముందుకు సాగిపోయారు.

మంత్రిగారు నటించారని నేననుకోను. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "మీ పత్రంలో మీరే అన్నారు, కృష్ణమ్మ తన బిడ్డలను తన ఒడిలోకే పిలుచుకుంది. అంతకన్నా నేనేం చెప్పగలను? నది పిలిస్తే మనం ఎవర్ని అడుగుతాం?" అన్నారు. వింటూ ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇప్పుడు చూసుకుంటే తలెత్తాలనిపించదు. 'నా మాట ఆయన నోట విన్నాను' అని రాసి, కింద రెండు గీతలు కొట్టుకున్నాను.

సభ అయ్యాక సరంగు భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"చదివారా అమ్మాయిగారూ? పంతులుగారివన్నీ పెద్ద పెద్ద మాటలు, నాకు తెలియలేదు. మా మావ ముక్క ఎక్కడొచ్చింది?"

నేను తలాడించాను. అది అవునని చెప్పినట్టూ కాదు, కాదని చెప్పినట్టూ కాదు. ఆమె అవుననే తీసుకుంది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఇంటికి వచ్చాక నాన్నగారు అడిగారు. "ఆ లైను ఏమైందమ్మా?"

"ఫ్రేములో పట్టలేదన్నాడు నాన్నగారూ, కంపోజిటరు."

అది అబద్ధం కాదు. నాన్నగారు ఆ లైనుతో వేరే అర్జీ రాసి పంపించారు. ఎన్నాళ్ళకో జవాబు వచ్చింది. నదీ ప్రవాహం వల్ల జరిగిన ప్రమాదం గురించి మంత్రిగారు స్వయంగా విచారం తెలిపి ఉన్నందున తదుపరి చర్య అవసరం లేదని అందులో ఉంది. నాన్నగారు దాన్ని మడతపెట్టి హాజరుపట్టీలో పెట్టుకున్నారు.

నది పిలిచిందన్న తర్వాత పాటదారును అడిగేవాళ్ళు లేకపోయారు. మరి పడవ ఎందుకు మునిగిందంటే ఊరికి ఒక జవాబు కావాలి. సరంగు తాగాడన్నది ఆ జవాబుగా స్థిరపడిపోయింది. అతని భార్య చేపల తట్ట దించితే, "ముంచినోడి పెళ్ళాం చేతి చేప మాకొద్దు" అనేవాళ్ళు. "మంత్రిగారి ముందు చదివారు, అందరూ విన్నారు" అని ఆమె వాదించిందట. "ఏం చదివారు? ఎవరు విన్నారు?" అని నవ్వారట. ఆరు నెలలు తిరక్కుండానే ఇల్లు మూసి, ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికో మాకు తెలియలేదు.

నాన్నగారు రిటైరయ్యారు. నాకు గుడివాడలో ఆడపిల్లల బళ్ళో ఉద్యోగం దొరికితే అందరం ఇక్కడికి వచ్చాం. కిందటేడు పామర్రు రోడ్డులో ఒక బస్సు కాలువలో పడింది. పరామర్శకు ఒక నాయకుడు వచ్చారు. మా బడి పిల్లల్ని వరసగా నిలబెట్టారు. నేను వరస చివర గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆయన గొంతు సవరించుకుని, "కాలువ తల్లి తన బిడ్డలను తన ఒడిలోకే పిలుచుకుంది" అన్నారు. నా పక్కనున్న టీచరు, "ఎంత బాగా చెప్పాడో" అంది. బస్సు బ్రేకులు పడలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకుండా పడుకున్నాను. వంట్లో బాగోలేదా అని అమ్మ అడిగితే, ఎండ అన్నాను.

సరంగు భార్య నాకు ఈ గుడివాడలోనే కనపడింది. మార్కెట్టు వీధి మలుపులో గోనెపట్టా మీద ఉప్పుచేపలు పెట్టుకుని కూర్చుంది. నేను తల వంచుకుని దాటిపోబోయాను.

"పంతులుగారమ్మాయి కదూ? ఆగండమ్మా, ఆగండి. నేనేం చేపలు అంటగట్టన్లెండి, మీరు తినరని తెల్సు."

నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. చెల్లెలి ఇంట్లో ఉంటున్నానంది. పెద్దపిల్ల రైసుమిల్లులో పనికి వెళ్తోందట. మిల్లులో మా దివి వాళ్ళు ఎవరో కలిసి, 'నువ్వు ఆ తాగుబోతు సరంగు కూతురివా' అన్నారట. ఆ పిల్ల ఇంటికొచ్చి, ఉన్న ఒక్క తండ్రి ఫొటోనూ గోడ మీంచి తీసేసిందట.

"అది నన్నడుగుతుందండీ, నాన్న నిజంగా తాగే ఉన్నాడా అని. లేదే అంటే, నీ మొగుడు గాబట్టి అంటావు అంటది. నాకు తర్వాత తెలిసిందమ్మా, ఆ ముక్క మంత్రిగారి ముందు చదవలేదంట. మీరు రాశారు. నా కళ్ళ ముందే రాశారు, వేలు పెట్టి చూశాను గదా. ఆ పెద్దోళ్ళే కొట్టేసుంటారు. మీరేం చేత్తారు, ఆడపిల్ల."

ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఎవరో బేరానికి వచ్చి చేప వాసన చూస్తుంటే ఆమె అటు తిరిగింది. బేరం కుదరక అతను వెళ్ళిపోయాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఆమె మళ్ళీ నా వైపు చూసేసరికి, బడికి టైమైందన్నాను.

ఇది జరిగి రెండు నెలలైంది. అప్పట్నుంచీ మార్కెట్టు వీధిలోంచి వెళ్ళడం మానేసి, స్టేషను వైపు నుంచి చుట్టూ తిరిగి బడికి వెళ్తున్నాను. రోజుకు రెండు పూటలా ఆ నడక. ఆమె నాతో చివరగా అన్న మాటలను డైరీలో రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా రాయలేకపోయాను. నేను గొడుగు విప్పుకుంటుంటే, చేపల మీద ముసురుతున్న ఈగలను తాటాకుతో తోలుతూ, తలెత్తకుండానే అంది.

"మీరైతే మొహమాటానికి అబద్ధం చెప్పరని దానికీ తెల్సు. మా పెద్దదాన్ని ఓ ఆదివారం మీ ఇంటికి తోలుకొస్తానమ్మా, మీ నోటితో ఓ మాట చెబుదురుగాని."